ఆ రోజు వాతావరణం బాగానే ఉంది

కలీరా దీవుల జాతీయ విమాన సంస్థ తన చరిత్రను పుస్తకంగా అచ్చు వేసింది. దళసరి కాగితం, నిండా రంగు బొమ్మలు. నాకూ ఒక ప్రతి పంపారు. మార్కాపురంలో మా వీధి పోస్ట్‌మ్యాన్ దాన్ని మోసుకొచ్చి, పెళ్ళి ఆల్బమ్ అనుకున్నానని నవ్వాడు. అందులో సంస్థ మొదటి జెట్ విమానం గురించి ఒక పేజీ ఉంది. ప్రారంభ ప్రయాణం ‘ప్రతికూల వాతావరణం వల్ల’ ఒక రోజు ఆలస్యమైందట. ఆ వాక్యం చదవగానే ఒళ్ళు మండింది. మా ఆవిడ భోజనానికి పిలిచినా లేవలేదు. ఆ రోజు ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. ఆ విమానాన్ని వానా గాలీ ఆపలేదు, నేను ఆపాను.

వాళ్ళు రాయనిది నేను రాస్తాను. ఈ మధ్య మా వైపు పిల్లలు చాలామంది విమానాల మెయింటెనెన్స్ కోర్సుల్లో చేరుతున్నారు. చేరే ముందు ఎవరో చెబితే మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఏ దేశం మంచిది, లైసెన్స్ పరీక్ష కష్టమా, ఎన్నాళ్ళకు ప్రమోషన్ అని అడుగుతారు. అవన్నీ ఫోన్‌లో దొరుకుతాయి, దానికి నేనెందుకు? వాళ్ళు అడగనిది ఒకటుంది. అసలు ఈ ఉద్యోగం ఏమిటి అన్నది. నాకు తెలిసినంతలో అది చెబుతాను. ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. ఒకటి పోయిన సంగతి మాత్రం ఉంటుంది.

దొడ్డి వాకిలి

మాది అర్ధవీడు పక్కన నల్లమల అంచున ఉన్న పల్లె. గొర్రెలు, మేకలు, వానొస్తే పండే చేను, అంతే మా ఆస్తి. మీకు గొర్రెలు ఎన్ని అని ఎవరైనా అడిగితే మా నాయన అంకె చెప్పేవాడు కాదు. ‘ఉండాయిలే కొన్ని’ అనేవాడు. అంకె పైకి అంటే మందకు దిష్టి తగులుతుందని మా వాళ్ళ నమ్మకం. పశువుల ఆఫీసర్ వచ్చి అడిగినా అదే జవాబు. ఆయన విసుక్కుని తనకు తోచింది రాసుకుని పోయేవాడు.

మరి సాయంత్రం మంద తిరిగొచ్చాక ఏది వచ్చిందో ఏది రాలేదో ఎలా తెలుస్తుంది? నాయన కంపదొడ్డి వాకిట్లో అడ్డంగా నిలబడి, ఒక్కొక్కదాన్నే తన కాలు రాసుకుంటూ లోపలికి పోనిచ్చేవాడు. పెదాలు కదిలేవి కావు. చూసేవాడు అంతే. ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి ఆ పని నాకు అప్పజెప్పాడు. నేను బడికి పోయేవాణ్ణి కదా, దిష్టీ గిష్టీ లేదని లోలోపల లెక్కపెట్టాను. సరిపోయింది. తడిక వేసి అన్నానికి కూర్చున్నాను. నాయన దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని దొడ్డి దాకా వెళ్ళి వచ్చాడు.

“లెక్కకు సరిపోయిందిలే రా. మన నల్లచెవిది ఏది?” అన్నాడు.

పక్క మందలో పిల్ల ఒకటి మా వాటితో కలిసి వచ్చేసింది. మాది ఒకటి కొండలో ఉండిపోయింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ జ్వరంతోనే కర్ర తీసుకుని బయల్దేరాడు, నేను వెనకాల నడిచాను. దొరికింది లెండి, ముళ్ళలో చిక్కుకుని అరుస్తూ ఉంది. తర్వాత నేను వైమానిక దళంలో చేరాను, ఇంజన్లు విప్పడం, బిగించడం నేర్చుకున్నాను, ఎంతో చదువుకున్న ఆఫీసర్ల దగ్గర పాఠాలు విన్నాను. కానీ లెక్క సరిపోవడం వేరు, మనవి మన దగ్గర ఉండటం వేరు అన్న పాఠం మాత్రం ఆ దొడ్డి దగ్గరిదే.

చేపల విమానం

వైమానిక దళం నుంచి బయటికొచ్చి, లైసెన్స్ పరీక్షలు రాసి కలీరాకు వెళ్ళాను. సముద్రం మధ్యలో చిన్న చిన్న దీవులన్నీ కలిస్తే ఒక దేశం. స్వాతంత్ర్యం వచ్చి ఎక్కువ కాలం కాలేదు. జెండా, జాతీయ గీతం, విమాన సంస్థ మూడింటినీ ఒకే ఊపులో తయారు చేసుకున్నారు. సంస్థ అంటే పెద్దగా ఊహించుకోకండి. పంకాలతో తిరిగే పాత విమానాలు రెండు, విమానాలు నిలిపే ఒక రేకుల హ్యాంగర్, ఒక తూకం కాటా. ఆ కాటా మీద మనుషుల్ని, మూటల్ని, మేకల్ని, పట్టుబట్టల్లో ఉన్న పెళ్ళికూతుళ్ళని ఒకటే వరసలో తూచేవాళ్ళు. పెళ్ళికూతురి బరువు పైకి అనొద్దని వాళ్ళ అత్తలు గుమాస్తాతో పోట్లాడేవాళ్ళు. నాకు మా నాయన గుర్తొచ్చేవాడు.

వెళ్ళేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు చేపల బుట్టలు. ఆ బుట్టల నుంచి కారిన ఉప్పునీళ్ళు నేలపలకల కిందికి దిగి లోహాన్ని తినేసేవి. చీఫ్ ఇంజనీర్ ఇసాక్ అనే దీవి మనిషి, ఎప్పుడూ చిరాగ్గా ఉండేవాడు. చేపల సంగతి మీద ఆయన రిపోర్టులు రాసి రాసి విసిగిపోయాడు. ఒక రోజు కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్‌ను తెల్లచొక్కాతోనే విమానం కడుపులోకి పాకించాడు. ఆయన అటు నుంచి బయటపడేసరికి ముక్కు మూసుకుని ఉన్నాడు, చొక్కా చూడటానికి లేదు. ఆ పూటే చేపలన్నీ మూత బిగిసే డబ్బాల్లోనే ఎక్కించాలని ఆర్డర్ వచ్చింది. పైవాళ్ళకు ఒక విషయం అర్థం కావడం లేదంటే కాగితం పంపడం మానేసి వాళ్ళనే అక్కడికి తీసుకుపోండి. ఇసాక్ నాకు నేర్పిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఆ జనరల్ మేనేజర్ పేరు అల్ఫోన్. ఆయనతోనే నాకు పడింది పెద్ద గొడవ. కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. చెడ్డవాడు కాదు. చేపల విమానాలను పట్టుకుని, మా దేశానికీ జెట్ ఉంటుంది అని ప్రతి దేశం గడపా తొక్కి అడిగినవాడు. నవ్విన వాళ్ళ ముందు కూడా తల దించలేదు. ఆ సంస్థ పెరిగిందంటే సగం ఆయన మొండితనమే. మిగతా సగం ఎవరిదో ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇసాక్ రిటైరయ్యాక షిఫ్ట్ బాధ్యత నాకిచ్చారు. అప్పటిదాకా పని ముగిశాక ప్రతి మెకానిక్కూ తన పెట్టెలో పనిముట్లు ఎన్ని ఉన్నాయో కేకేసి చెప్పేవాడు, గుమాస్తా రాసుకునేవాడు. నేను ఆ కేకలు వద్దన్నాను. పెట్టె తెరవండి, చూస్తాను అన్నాను. గుమాస్తా మాత్రం అంకె రాసుకుంటూనే ఉండేవాడు. ఎవరి స్పానర్ ఎలా అరిగింది, ఎవరి స్క్రూడ్రైవర్ పిడి మీద ఏ రంగు గుర్తు ఉంది, అన్నీ కొన్నాళ్ళకు నా కళ్ళకు పట్టుబడ్డాయి. నా వెనక గొర్రెల ఇంజనీర్ అని పేరు పెట్టారు. వినీ విననట్టు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషంగానే ఉండేది.

అడగకూడని మాట

కొనకనమిట్ల నుంచి వచ్చిన కొండయ్య మామ నాకంటే ముందే ఆ దీవుల్లో ఉన్నాడు. చెరకు తోటల్లో వెల్డింగ్ పనికి వచ్చి, తర్వాత హ్యాంగర్‌లో రేకు పనికి చేరాడు. నాకు ఏ చుట్టమూ కాదు. అంత దూరంలో మన వైపు మాట మాట్లాడే మనిషి దొరికితే మామ కాక ఇంకేమవుతాడు? ఆయనే కురిచేడు నుంచి గురవయ్యను పిలిపించాడు. గురవయ్య కురిచేడులో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. వీసా పని, హ్యాంగర్‌లో ఉద్యోగం, గది, మొదటి నెల తిండి, అన్నీ మామే చూసుకున్నాడు. గురవయ్యకు మామ మాటంటే దేవుడి మాటే. ఆయన కూర్చుంటే తను నిలబడేవాడు.

మన పల్లెల్లో గడ్డపార, నిచ్చెన, నాగలి ఇల్లిల్లూ తిరుగుతాయని మీకు తెలుసు. పక్కింటాయన చెప్పకుండా తీసుకుపోయినా తప్పు లేదు. తిరిగి ఇవ్వకపోతే అడగడమే తప్పు. నా గడ్డపార ఏది అని అడిగితే ఆయన్ని దొంగ అన్నట్టే. అవసరమైతే ఇంకో ఇంటి నుంచి ఇంకో గడ్డపార తెచ్చుకుంటాం గానీ అడగం. అందులోనూ ఇచ్చింది పెద్దవాడికైతే, అన్నం పెట్టినవాడికైతే, నోరు అసలే పెగలదు. పల్లెలో ఇది మంచి పద్ధతే, నేనేమీ ఎగతాళి చేయడం లేదు. కరువులో ఒకరికొకరు నిలబడింది ఈ మొగమాటంతోనే. విమానాల దగ్గర మాత్రం ఇదే మొగమాటం మనుషుల ప్రాణాలు తీస్తుంది.

బ్యాండ్ వాయిస్తుండగా

అల్ఫోన్ చివరికి జెట్ తెచ్చాడు. వేరే దేశం వాళ్ళు వాడి వదిలేసినదే. కానీ తోక మీద మా జెండా రంగులు వేసి కడిగి నిలబెడితే కొత్త పెళ్ళికొడుకులా ఉంది. మొదటి ప్రయాణం రోజు ఊరు ఊరంతా వచ్చింది. బడి పిల్లలు జెండాలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. బ్యాండ్ వాళ్ళు, మంత్రి, మంత్రి బంధువులు, మొదటిసారి విమానం ఎక్కబోతున్న ముసలివాళ్ళు, అందరూ వచ్చారు. ఆ రకం జెట్ ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే లైసెన్స్ అప్పటికి ఆ దేశంలో నాకొక్కడికే ఉంది. ఇంకో ఇంజనీర్ ఇంకా శిక్షణలోనే ఉన్నాడు.

ముందు రోజు సాయంత్రం కొండయ్య మామ, గురవయ్య ఇద్దరూ విమానం తోక లోపల దూరి ఒక రేకు బిగించి వచ్చారు. విమానం ముక్కు పైకీ కిందికీ కదలాలంటే లాగే తీగలు పోయేది ఆ తోకలోంచే. మామ ఆ పని ముగించి సెలవు పెట్టాడు. పొద్దున్నే పడవ ఎక్కి దక్షిణ దీవిలో మన వాళ్ళ గుడి తిరునాళ్ళకు వెళ్ళిపోయాడు. అప్పట్లో సెల్ ఫోన్లు లేవు, పడవలో మాట్లాడే వీలూ లేదు.

సంతకానికి ముందు నేను అలవాటుగా పెట్టెలు తెరిపించాను. గురవయ్య పెట్టెలో అన్నీ ఉన్నాయి. పనిముట్టుకొక గుంట ఉంటుంది, ఏ గుంటా ఖాళీగా లేదు. కానీ అతని పనిముట్లన్నిటి మీదా నీలం రంగు గుర్తు ఉంటుంది, బోల్టులు బిగించే చిన్న రాచెట్ మీద లేదు. అది నల్లగా, ఏళ్ళనాటి జిడ్డు పట్టి, పిడి అరిగిపోయి ఉంది. ఆ హ్యాంగర్‌లో దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

“ఇది ఎవరిది గురవా?”

“నాదే అన్నా. ట్రాక్టర్ల కాడ వాడిందే, ఊరి నుంచి తెచ్చుకున్నా.”

“ఇక్కడ ఉండాల్సింది ఏది?”

నేల చూపులు చూశాడు. బయట బ్యాండ్ మొదలైంది. నేను ఇంకేమీ అనకుండా నిలబడ్డాను. అతని మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. నోరు తెరిస్తే మామను పట్టించినట్టు అవుతుంది, తన ఉద్యోగం పోతుంది, కురిచేడులో అతని మీద ఆధారపడ్డ ఇల్లు ఉంది. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. లెక్క సరిపోయింది, గుమాస్తా అప్పటికే రాసేసుకున్నాడు. నేను గట్టిగా అరిచి ఉంటే నాదేనన్నా అన్న మాట మీదే ఉండిపోయేవాడేమో.

“నిన్న తోకలో మామ తీసుకున్నాడన్నా. మళ్ళా ఇయ్యలేదు. ఆయన్ని ఎట్ల అడిగేది? తక్కువ పడకూడదని ఇది పెట్టినా” అన్నాడు. “నన్ను ఇంటికి పంపిచ్చారా?” అని అడిగాడు.

“నేనుండగా ఎవరూ పంపరు. ముందు తోక విప్పు” అన్నాను.

ఆ మాట ఇచ్చేటప్పుడు దాని బరువు నాకు తెలియదు. తెలిసినా ఇచ్చేవాణ్ణే.

అల్ఫోన్ దగ్గరికి నేనే నడిచి వెళ్ళాను. మంత్రి పక్కన పూలదండ వేసుకుని ఉన్నాడు. పక్కకు పిలిచి చెప్పాను. ఒక పనిముట్టు ఎక్కడుందో తెలియదు, తోకలో ఉండవచ్చు, తీగల మధ్య ఇరుక్కుంటే పైలట్ చేతిలో విమానం ఉండదు, విప్పి చూసేదాకా సంతకం పెట్టను అన్నాను. ఆయన గుమాస్తాను పిలిపించి అడిగాడు. అంకె సరిపోయిందని గుమాస్తా చెప్పాడు.

“లెక్క సరిపోయిందా లేదా?” అని నన్ను అడిగాడు.

“లెక్క సరిపోయింది. వస్తువు సరిపోలేదు.”

ఆయన మొహం ఎర్రబడింది. బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్ళీ బతిమాలాడు. ఈ ఒక్క రోజు కోసం తాను ఎంత మంది ముందు నిలబడ్డాడో చెప్పాడు. ఆ చెప్పింది అంతా నిజం. ఈ జెట్ ఈ రోజు ఎగరకపోతే ఈ దేశాన్ని చేపల బుట్టల దేశం అంటారని అన్నాడు. అదీ నిజమే కావచ్చు. నా దగ్గర అంత పెద్ద మాటలు లేవు. జేబులోని పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టి, మీరే పెట్టండి సంతకం, నేను అడ్డుపడను అన్నాను. ఆయన పెన్ను వైపు చూశాడు, తోక వైపు చూశాడు. పెన్ను తిరిగి ఇచ్చేసి దండ తీసేశాడు.

జనాన్ని ఇళ్ళకు పొమ్మన్నారు. బ్యాండ్ వాళ్ళు సగం పాటలో ఆపి డప్పులు సర్దుకున్నారు. ఎండలో నిలబడ్డ పిల్లల్లో కొందరు ఏడ్చారు. పెద్దవాళ్ళు నన్ను వేలెత్తి చూపించారు, ఆ ఇండియా వాడే అని గొణుక్కున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా మేము తోక విప్పాం, తోకతో ఆగకుండా ఆ పక్కనున్న ప్రతి అరా విప్పాం. అద్దాలు పెట్టి, టార్చి వేసి, చేతులు దూర్చి వెతికాం. పొద్దు గూకేదాకా వెతికాం.

రాచెట్ దొరకలేదు. విమానంలో లేదు.

అల్ఫోన్ మధ్యాహ్నం నుంచీ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “లేదు కదా. మరి ఉందని ఎందుకు అనుకున్నావు?” అన్నాడు.

“ఉందని అనుకోలేదు సార్. లేదని నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది” అన్నాను.

మర్నాడు సంతకం పెట్టాను. జెట్ ఎగిరింది. ఆ రోజు బ్యాండ్ రాలేదు.

టవల్లో చుట్టి

కొండయ్య మామ తిరునాళ్ళ నుంచి వచ్చి, రేవు నుంచి నేరుగా హ్యాంగర్‌కే వచ్చాడు. సంచిలోంచి టవల్ తీసి విప్పితే నీలం గుర్తు రాచెట్ అందులో ఉంది. తోకలో నుంచి దిగేటప్పుడు జేబులో వేసుకుని మరిచిపోయాడు. ఆ ప్యాంటుతోనే పడవ ఎక్కి కూర్చున్నాక తొడకు గుచ్చుకుంటే అప్పుడు చూసుకున్నాడు. జరిగిందంతా విని గురవయ్య వైపు తిరిగాడు.

“అడిగింటే ఇచ్చేటోణ్ణి కదరా.”

“ఎట్ల అడిగేది మామా, నిన్ను?” అన్నాడు గురవయ్య.

మామ అక్కడే పెట్టె మీద కూలబడ్డాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇద్దరితో మాట్లాడలేదు. ఎవరి మీద కోపమో ఆయనకే తెలియాలి. కానీ ఆ రోజు నుంచి విమానం దిగగానే, ఎవరూ అడగకముందే, రెండు జేబులూ బయటికి తీసి చూపించి గానీ పక్కకు పోలేదు. పని మానేసే రోజు దాకా అలాగే చేశాడు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఆ రాచెట్ టవల్లోంచి బయటపడగానే నాకు ఊరట కలగలేదు, కడుపు మండింది. అది తోకలో దొరికి ఉంటే నేను దేశాన్ని కాపాడినవాణ్ణి అయ్యేవాణ్ణి. ఇప్పుడు పండగ చెడగొట్టినవాణ్ణి. అంటే అంతమంది ఎక్కబోయే విమానంలో ఆ ఇనుప ముక్క ఉండాలని నేను లోలోపల కోరుకున్నానన్న మాట, నా మాట నెగ్గడం కోసం. మీకూ ఈ కోరిక పుడుతుంది. పుట్టినప్పుడు గుర్తుపట్టండి. విప్పి చూశాక ఏమీ లేకపోవడం కంటే మంచి వార్త ఈ వృత్తిలో లేదు. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు, అంతే.

తర్వాత విచారణ పెట్టారు. అల్ఫోన్ నన్ను ఒకటే అడిగాడు. పెట్టెలో దొంగ రాచెట్ పెట్టింది ఎవరు? వాణ్ణి తర్వాతి విమానంలో ఇండియాకు ఎక్కిస్తే అందరికీ బుద్ధి వస్తుంది అన్నాడు. షిఫ్ట్ నాది, బాధ్యత నాది అన్నాను. బాధ్యత అడగలేదు, పేరు అడిగాను అన్నాడు. చెప్పనన్నాను. పేరు చెబితే ఈ ఒక్కడూ పోతాడు సార్, చెప్పినందుకు పోయాడని తెలిస్తే రేపటి నుంచి ఈ హ్యాంగర్‌లో ఎవడూ నోరు తెరవడు, అప్పుడు మీ లెక్కలన్నీ ఎప్పుడూ సరిపోతూనే ఉంటాయి అన్నాను. ఆయనకు కొంత అర్థమైంది కూడా. కానీ మంత్రికి ఎవరో ఒకరి పేరు చూపించాలి. నా పేరు చూపించాడు.

గడ్డి రన్‌వే

శిక్షణలో ఉన్న ఇంజనీర్ చేతికి లైసెన్స్ రాగానే నా షిఫ్ట్ బాధ్యత తీసేసి, అన్నిటికంటే దూరపు దీవికి వేశారు. గడ్డి రన్‌వే, ఒక చిన్న విమానం, ఒక పాక. ఆర్డర్ పట్టుకుని ఇంటికి వెళ్ళి మా ఆవిడ రమణమ్మకు చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. “గడ్డి ఉండాదంటే గొర్రెలు ఉంటాయిలే. నీకేం కొత్త?” అని పెట్టె సర్దడం మొదలుపెట్టింది. నిజంగానే విమానం దిగే ముందల్లా గొర్రెలను తోలాల్సి వచ్చేది. రన్‌వే మీద వాటిని అదిలించడంలో ఆ దేశంలో నన్ను మించినవాడు లేడు.

అక్కడ చాలా ఏళ్ళు ఉన్నాను. బాధపడలేదని అబద్ధం చెప్పను. నా చేతి కింద పనిచేసినవాళ్ళు పెద్ద పెద్ద జెట్లు విప్పుతుంటే నేను గడ్డి కోయించాను. తర్వాత సంస్థ పెరిగింది. జెట్లు పెరిగాయి, దూర దేశాలకు దారులు పడ్డాయి, లైసెన్స్ ఉన్నవాళ్ళు చాల్లేదు. అప్పుడు నన్ను తిరిగి పిలిచారు. క్షమాపణ ఏమీ లేదు. అవసరం కొద్దీ పిలిచారు, పని కొద్దీ వెళ్ళాను. చీఫ్ ఇంజనీర్ కుర్చీ నాకు రాలేదు.

ఇక్కడ మార్కాపురంలో మా బంధువులు ఇప్పటికీ అంటారు, ఆ పేరేదో చెప్పి ఉంటే చీఫ్ ఇంజనీర్‌వి అయ్యేవాడివి గదా అని. అయ్యేవాణ్ణి. అయి ఏం చేసేవాణ్ణి? అంకెలు సరిపోయే హ్యాంగర్‌లో ఏసీ గదిలో కూర్చుని, ఎవడి పెట్టెలో ఏ దొంగ పనిముట్టు ఉందో తెలియక దడదడలాడుతూ బతికేవాణ్ణి. ఆ బతుకు నాకు వద్దు. అప్పుడూ వద్దు, ఇప్పుడూ వద్దు.

నేను గడ్డి దీవిలో ఉండగానే కబుర్లు వచ్చేవి. ఒక మెకానిక్ తనంత తానే వచ్చి డ్రిల్ ముక్క విరిగి లోపల పడిందని చెప్పాడట. ఇంకొకడు బోల్టు మరిచానని ఇంటి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చాడట. రాచెట్ సంగతి చెప్పినవాడెవరో వాళ్ళకు బాగానే తెలుసు. అతను ఇంకా అక్కడే పనిచేస్తున్నాడని కూడా రోజూ చూస్తున్నారు. వాళ్ళ రంగుల పుస్తకంలో సంస్థ ఎలా పెరిగిందో బొమ్మలతో సహా ఉంది. ఇది లేదు. నేనంటాను, అది పెరిగింది దీనివల్లే. కాదన్నవాళ్ళు వచ్చి నాతో వాదించండి, మా ఇల్లు ఎవరైనా చూపిస్తారు.

కాబట్టి ఈ పనికి వెళ్ళే పిల్లలూ, మీ మంచితనం, మర్యాద అన్నీ తీసుకుపోండి. మొగమాటం మాత్రం గేటు బయట వదిలేయండి. నా పనిముట్టు ఏదని మీ నాయనే ఎదురుగా ఉన్నా అడగండి. మీరు పెద్దవాళ్ళయ్యాక మీ దగ్గరికి ఎవరైనా వచ్చి తప్పు చెప్పుకుంటే ఆ మనిషిని అమ్ముకోకండి. ఎంత పెద్దవాడు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా. దానివల్ల మీకు నష్టం రాదని నేను హామీ ఇవ్వలేను, నాకు వచ్చింది కాబట్టి. నష్టం వస్తే రానివ్వండి.

ఇక్కడిదాకా రాసి ముగించాననుకున్నాను. పోయిన వారం కలీరా నుంచి గురవయ్య ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆ హ్యాంగర్ అంతా అతని చేతి కిందే ఉంది, రిటైర్మెంట్ దగ్గర పడింది. క్షేమ సమాచారాలు ఏమీ లేవు, నేరుగా విషయంలోకి వచ్చాడు. పొద్దున ఒక మెకానిక్ వచ్చి తన టార్చి కనపడటం లేదని చెప్పాడట. నిండా జనం ఎక్కిన పెద్ద జెట్‌ను గురవయ్య ఆపి, అందరినీ దింపించాడట. కొత్త జనరల్ మేనేజర్ మండిపడుతూ కిందికి దిగి వచ్చాడట.

“ఎవుని చేతిలోది పోయిందో పేరు చెప్పమన్నాడన్నా” అన్నాడు.

“చెప్పినావా?” అని అడిగాను.

“చెప్పినా. గురవయ్య అని చెప్పినా.”

ఎదురుగా ఉంటే కౌగిలించుకునేవాణ్ణి. చివరికి టార్చి దొరికిందా అని మాత్రం అడగగలిగాను.

“ఇంగా ఎతుకుతుండాం. ఉంటానన్నా, అవతల విమానం విప్పేసి ఉండాది” అని పెట్టేశాడు.